రెండు వారాల్లో మార్పేమైనా ఉందా?

"మీ పేషెంట్లన్నా అబద్ధం ఆడుతుండాలి, మీరన్నా ఎక్కడో పొరపాటు చేస్తుండాలి. రెంటిలో ఏదో ఒకటి," అన్నాడు లెక్కల మాస్టారు, కంప్యూటర్ మీంచి కళ్లు తిప్పకుండా.

ఎదురుగా నిలబడ్డ డాక్టరమ్మ చేతిలో తడిసిన గొడుగు ఉంది. అందులోంచి కారిన నీళ్లు నేల మీద చిన్న మడుగు కట్టి, మెల్లగా అతని బూట్ల వైపు బయల్దేరాయి.

"మూడోది కూడా ఉండొచ్చు కదండీ," అంది ఆమె.

"ఏమిటది?"

"మీ లెక్క తప్పడం."

అతను అప్పుడు తల తిప్పి చూశాడు. ఆ ఆసుపత్రిలో రోగాలు తెలిసినవాళ్లు ఎందరో ఉన్నారు గానీ లెక్కలు తెలిసినవాడు అతనొక్కడే. థీసిస్ రాసే ప్రతి డాక్టరూ ఎప్పుడో ఒకప్పుడు అతని గుమ్మం తొక్కాల్సిందే. ఎవరికీ పాఠం చెప్పకపోయినా అందరూ లెక్కల మాస్టారనే పిలుస్తారు. ముప్పై నిండకుండానే అరవై ఏళ్లవాడి గాంభీర్యం వచ్చేసింది. మనిషి ముక్కుసూటి. ముక్కు మాత్రం అంత సూటి కాదు, లోపల ఎముక వంకర, ఏడాది పొడుగునా ఒకవైపు దిబ్బడ. అందువల్ల ఏం మాట్లాడినా జలుబు చేసినవాడు చిరాకు పడుతున్నట్టే వినిపించేది. చాలాసార్లు అది నిజంగా చిరాకే.

"కూర్చోండి. మొదట్నుంచి చెప్పండి," అన్నాడు, బూట్లు వెనక్కి లాక్కుంటూ.

ఆమెది చెవి, ముక్కు, గొంతు విభాగం. చదువు చివరి ఏడాది. ముక్కు, సైనస్ జబ్బులవాళ్ల రోజువారీ బతుకు ఎలా ఉందో కొలవడానికి ఇంగ్లీషులో ఒక ప్రశ్నావళి ఉంది. ముక్కు దిబ్బడ, తుమ్ములు, వాసన తెలియకపోవడం దగ్గర్నుంచి నిద్ర, అలసట, దిగులు దాకా ఒక్కొక్కటీ ఎంత బాధపెడుతోందో సున్నా నుంచి ఐదు వరకు అంకె వేయాలి. దాన్ని ఆమె తెలుగులోకి తెచ్చింది. తేవడం అయిపోయింది, తెచ్చింది సరిగ్గా కొలుస్తోందని రుజువు చేయడం మిగిలింది. అందులో ఒక పరీక్ష ఏమిటంటే, మందులు మారని, ఆపరేషన్ ఇంకా కాని పేషెంటు చేత ఇవాళ ఒకసారి, రెండు వారాలాగి మరోసారి అదే ఫారం నింపించాలి. ముక్కు మారలేదు కాబట్టి అంకెలూ మారకూడదు.

ఈమె దగ్గర మారాయి. అందరికీ మారాయి, అందరికీ తగ్గాయి.

"మందు లేకుండా రెండు వారాల్లో ఇంతమందికి నయమైపోతే మీ డిపార్ట్‌మెంట్‌కి తాళం వేసుకోవచ్చు," అన్నాడు.

"నేను రూలు ప్రకారమే చేశానండీ."

"త్రాసు పొద్దున ఒక బరువు, సాయంత్రం ఒక బరువు చూపిస్తే ఎవరు నమ్ముతారు? ఇది అంతే. మళ్లీ కొత్తవాళ్లతో మొదలుపెట్టాలి."

ఆమె మొహం వాడిపోయింది. ఇంకో రెండు నెలల్లో థీసిస్ ఇవ్వాలి. ఇవ్వలేకపోతే పరీక్ష ఆరు నెలలు వెనక్కి పోతుంది. కానీ ఆమె ఆ మాట ఎత్తలేదు.

"మాస్టారూ, పేషెంటుని ఎలా ఉందని అడిగితే ఏమంటాడో తెలుసా? పర్వాలేదండీ అంటాడు. రాత్రంతా కూర్చుని నోటితో ఊపిరి పీల్చినవాడు కూడా అదే మాట. మేమూ పర్వాలేదనే రాసుకుని పంపించేస్తాం. ఈ ఫారం ఉంటే అలా తప్పించుకోడం కుదరదు. నాకిది థీసిస్ కోసమే కాదు."

లెక్కల మాస్టారు మళ్లీ కంప్యూటర్ వైపు తిరిగాడు. ఎవరు ఎలా ఉన్నావని అడిగినా అతను చెప్పే జవాబు కూడా పర్వాలేదనే.

"రేపు ఓపీకి వచ్చి చూస్తాను," అన్నాడు.

మర్నాడు ఓపీలో ఒక మూల స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఒక పెద్దావిడ వచ్చింది. హాస్టల్లో వంట చేస్తుందట. డాక్టరమ్మ ఫారం చేతికిచ్చి, ఇచ్చిన చేత్తోనే కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"వాసన బొత్తిగా తెలీదా అమ్మా? మరి వంట మాడితే ఎలా తెలుస్తుంది?"

"పిల్లలు అరుస్తారు తల్లీ."

ఇద్దరూ నవ్వారు. అక్కడ మొదలైన మాటలు ఆవిడ నిద్ర, నడుంనొప్పి, మాట వినని కొడుకు, మాట వింటున్న కోడలు దాకా పాకాయి. ఆవిడ మధ్యలో కళ్లొత్తుకుంది. చివరికి అంకెలు వేసి ఫారం ఇచ్చేసి లేచింది.

"ముక్కు సంగతి దేవుడెరుగు గానీ, మనసు తేలికపడింది తల్లీ. నా గోడు ఇంతసేపు విన్నవాళ్లు లేరు," అంటూ వెళ్లింది.

"దొంగ దొరికింది," అన్నాడు లెక్కల మాస్టారు మూలలోంచి.

"ఎవరు?"

"మీరే. ఈవిడ రెండు వారాల తర్వాత వచ్చినప్పుడు నిద్ర, దిగులు, అలసట అన్నీ తగ్గించి వేస్తుంది. మీ ఫారం బాగానే కొలుస్తోందండీ. మీరు చేసిన వైద్యాన్ని కొలుస్తోంది. మందేమీ మారలేదని మీరు రాసుకుంటున్నారు. మందు మీరే."

ఆమె చేతిలో ఫారం వైపు, అతని వైపు మార్చి మార్చి చూసింది. పొగిడాడో తిట్టాడో తేల్చుకోలేకపోయినట్టుంది.

"అంటే నేను మాట్లాడకూడదా?"

"రెండో ఫారం అయ్యాక ఎంతైనా మాట్లాడండి."

"ఎదురుగా మనిషిని పెట్టుకుని నోరు కుట్టేసుకోవడం నా వల్ల కాదు."

"అయితే బయట కూర్చోండి."

"మరి ఫారాలు ఎవరిస్తారు?"

ఇంతసేపూ పరికరాలు సర్దుకుంటున్న సిస్టర్ ఆ ఓపీలో అందరికన్నా సీనియర్. ఆవిడ తల ఎత్తకుండానే అంది: "ఇంకెవరమ్మా, ఈయనే. ఈయన్ని చూస్తే ఉన్న హుషారు కూడా పోతుంది."

అలా లెక్కల మాస్టారు మధ్యాహ్నాలు ఓపీలో ఫారాలిచ్చే పనికి కుదిరాడు. ఫారం ఇవ్వడం, కలం ఇవ్వడం, పక్కకి తిరిగి కూర్చోవడం. ఇంతే పని. రెండోసారి వచ్చినవాళ్లకి మాత్రం ముందు ఒక ప్రశ్న వేయాలి: "గత రెండు వారాల్లో మీ పరిస్థితిలో చెప్పుకోదగ్గ మార్పేమైనా ఉందా?" ఉందంటే వాళ్లని లెక్కలోంచి తీసేయాలి. ఆ నియమం పట్టుబట్టి పెట్టించింది అతనే.

డాక్టరమ్మ వరండాలో, కిటికీ అద్దానికి అవతల బెంచీ మీద కూర్చునేది. ఊరికే కూర్చోవడం ఆమెకి చేతకాదు. పేషెంటు ఆలోచనలో పడితే ఆమె పెదవి కొరుక్కునేది. ఎవరైనా పేజీ తిప్పడం మర్చిపోతే అద్దం అవతల్నుంచి గాల్లో పేజీ తిప్పి చూపించేది. అతను కళ్లతోనే కసిరేవాడు. ఆమె మూతి ముడుచుకుని అటు తిరిగేది. మళ్లీ నిమిషంలో ఇటు తిరిగేది. వాన జోరుగా పడ్డ రోజున అద్దమంతా ఆవిరి పట్టి ఆమె కనిపించలేదు. ఆ మధ్యాహ్నమంతా అతనికి ఏదో మర్చిపోయినట్టే ఉంది.

రెండోసారి ఫారాలు మొదలయ్యాయి. అంకెలు అచ్చుగుద్దినట్టు సరిపోయాయి.

"మీ మొహం చూసి ఒక్కరికి కూడా ఏమీ మెరుగవలేదు మాస్టారూ," అంది ఆమె క్యాంటీన్‌లో, కాఫీ కప్పు అతని ముందుకు జరుపుతూ.

"ఇది పొగడ్తేనా?"

"మీ భాషలో పొగడ్తే."

అతను నవ్వాడు. పక్క బల్ల దగ్గర కూర్చున్న సిస్టర్ ముక్కున వేలేసుకుంది.

కానీ లెక్కకి కావలసిన సంఖ్యకి ఒక్క మనిషి తక్కువయ్యాడు. మధ్యలో తప్పుకునేవాళ్ల కోసం అదనంగా చేర్చుకున్నవాళ్లని కలుపుకున్నా సరిపోలేదు. ఆమెకి గైడ్‌గా ఉన్న మేడమ్ కాగితాలన్నీ చూసి కళ్లద్దాల మీంచి లెక్కల మాస్టారి వైపు చూశారు.

"మీకూ ముక్కు జబ్బుందని గొంతు వింటుంటేనే తెలుస్తోంది. అలా కుర్చీలో కూర్చోండి."

సన్నటి గొట్టం ముక్కులో పెట్టి చూశారు. ఎముక వంకర, సైనస్‌ల నిండా వాపు.

"ఎన్నాళ్లుగా ఇలా?"

"చిన్నప్పట్నుంచండీ."

"ఎందుకు చూపించుకోలేదు?"

"పర్వాలేదనుకున్నానండీ."

"ఆ మాట మా ఓపీలో నిషేధం," అంది డాక్టరమ్మ. ఆమె గొంతులో కోపం వినిపించింది. తన గురించి ఎవరైనా కోప్పడి ఎంత కాలమైందో అతనికి గుర్తు రాలేదు.

ఆపరేషన్‌కి పేరు రాశారు, తక్కువైన ఆ ఒక్కరి స్థానంలో చేర్చుకున్నారు. ఫారం ఒకటి అతనే తీసుకుని ఖాళీ గదిలో కూర్చుని నింపాడు. ముక్కు సంగతి సరే, తర్వాతి ప్రశ్నల దగ్గర కలం ఆగింది. రాత్రి నిద్ర సరిగ్గా పట్టకపోవడం. పొద్దున్నే అలసటగా లేవడం. దిగులు. ఇవన్నీ తనకున్నాయని అప్పటిదాకా అతను ఒప్పుకోలేదు. అబద్ధపు అంకె వేయడం అతనికి రాదు కాబట్టి నాలుగు, నాలుగు, ఐదు అని వేసి మడత పెట్టి ఇచ్చేశాడు.

"ఇక రెండు వారాలు మీ ముక్కు గురించి మీతో మాట్లాడను," అంది డాక్టరమ్మ. "మాట్లాడితే మీరూ పాడైపోతారు."

"మంచిది."

"మిగతావన్నీ మాట్లాడొచ్చు కదా?"

అతను నిజంగానే ఆలోచించాడు. "ముక్కు ఊసు రాకపోతే ఇబ్బందేమీ ఉండదు," అన్నాడు.

లోకంలో ఎవరూ చేయని పొరపాటు అది. లెక్కలు తెలిసినవాడు, ముక్కు తెలిసిన మనిషి కలిసి చేశారు.

సాయంత్రాలు బస్టాపు దాకా కలిసి నడిచారు. వాన పడితే ఆసుపత్రి సైకిల్ షెడ్డులో నిలబడ్డారు. ఆమె తన నాన్న గురించి చెప్పింది. బళ్లో డ్రిల్లు మాస్టారట, ఆయన గురకకి అమ్మ చెవుల్లో దూది పెట్టుకుని ముందు గదిలో పడుకుంటుందట, అది గురక కాదు గట్టి ఊపిరి అని ఆయన వాదిస్తారట. అతను తన అద్దె గది గురించి చెప్పాడు. ఇద్దరు మనుషులకి సరిపోయే గది అనేసి, ఆ మాట ఎందుకన్నానా అని చెప్పుల వైపు చూసుకున్నాడు. ఆమె వాన వైపు చూసింది. ఒక బస్సు వచ్చి, నిలబడి, వెళ్లిపోయింది. ఇద్దరూ ఎక్కలేదు.

రెండు వారాలు అయిపోయాయి.

ఫారాలిచ్చేవాడే ఫారం నింపాల్సి వచ్చింది కాబట్టి ఆ రోజు ప్రశ్న వేసే పని సిస్టర్‌ది. డాక్టరమ్మ యథాప్రకారం అద్దం అవతల ఉంది. ఇదే చివరి ఫారం. ఇది నిండితే ఆమె థీసిస్ పూర్తయినట్టే. బెంచీ మీద కూర్చుని రెండు చేతులూ ఒళ్లో గట్టిగా పట్టుకుంది.

"గత రెండు వారాల్లో మీ పరిస్థితిలో చెప్పుకోదగ్గ మార్పేమైనా ఉందా?" చదివింది సిస్టర్.

లెక్కల మాస్టారు జేబులోంచి కలం తీసి, మూత విప్పి, మళ్లీ పెట్టాడు. లేదంటే చాలు, ఆమె గట్టెక్కుతుంది. పాత అంకెలు అతనికి గుర్తే, మళ్లీ అవే వేసేయొచ్చు. ఎవరికీ తెలియదు. కానీ తను పెట్టిన నియమాన్ని తనే తప్పితే ఇన్నాళ్లూ ఎవరెవరి లెక్కల్లో తప్పులు పట్టాడో వాళ్లందరి ముందూ తలెత్తుకోలేడు. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. ఆమె వల్ల తన బతుకులో మార్పేమీ లేదని అనడానికి నోరు రావడం లేదు.

"లేదని రాసుకోనా?" అంది సిస్టర్.

"ఉంది," అన్నాడు.

అద్దం అవతల బెంచీ ఖాళీ అయింది. తలుపు తెరుచుకుంది.

"ఏమిటండీ ఉంది?" అంది డాక్టరమ్మ ఆయాసపడుతూ. "ముక్కులోనా?"

"ముక్కు ఎక్కడిదక్కడే ఉంది."

"ఏదైనా మందు వేసుకున్నారా?"

"లేదు."

"మరి?"

"రాత్రి నిద్ర పడుతోంది. ముక్కు మూసుకునే ఉంటోంది, అయినా పడుతోంది. పొద్దున్నే లేవాలనిపిస్తోంది. దిగులన్న ప్రశ్న దగ్గర ఇదివరకు ఐదు వేశాను. ఇప్పుడు వేయడానికి ఏమీ లేదు. పాత అంకెలు వేస్తే అబద్ధం. కొత్తవి వేస్తే మీ లెక్క చెడుతుంది."

"ఒక్కసారి లేదనేస్తే నా థీసిస్ అయిపోయేది."

"తెలుసు."

"తెలిసీ ఉందన్నారా?"

"మీరంటే నాకు ఇష్టం. అది లేదని ఎలా చెప్పను?"

సిస్టర్ ఫారం అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది ఏ గడిలో రాయాలమ్మా?"

డాక్టరమ్మ ఆవిడ చేతిలోంచి ఫారం తీసుకుంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, పెదవుల మీద నవ్వు ఆగడం లేదు, రెండూ కలిసి ఆమెని బాగా ఇబ్బంది పెడుతున్నాయి.

"మిమ్మల్ని తీసేస్తున్నాను," అంది.

"సరే."

"లెక్కలోంచి మాత్రమే."

ఎంత సంతోషమైనా ఒక మనిషి తక్కువన్న సంగతి అలాగే ఉంది. ఆ రోజే ఎవరినైనా చేర్చుకుంటే గడువులోపు రెండో ఫారం అందుతుంది, మర్నాడైతే అందదు. మేడమ్ విషయం విని ఎవరినీ ఏమీ అనలేదు. "ఇప్పటికిప్పుడు ఒక ముక్కు కావాలి," అన్నారంతే.

డాక్టరమ్మ ఫోన్ తీసింది. "నాన్నా, నా పరీక్ష నీ ముక్కు మీద ఆధారపడి ఉంది," అంది.

డ్రిల్లు మాస్టారు గంటలో దిగారు. మేడమ్ చూసి, సైనస్ జబ్బేనని, పాతదేనని తేల్చారు. కన్నతండ్రిని చేర్చుకోవచ్చా అని డాక్టరమ్మ అడిగింది.

"ముక్కు ఆయనది. ఫారం నువ్వివ్వకు, ఇంట్లో దాని ఊసెత్తకు. మీ నాన్నగారేనని థీసిస్‌లో ఒక ముక్క రాయి," అన్నారు మేడమ్.

వరండాలో లెక్కల మాస్టారు ఆమెని పక్కకి పిలిచాడు.

"ఇంకో సంగతి. ఈ రెండు వారాలు ఆయనకి ఏ మార్పూ రాకూడదు. సంతోషమైనా, కంగారైనా."

"అంటే?"

"మన సంగతి చెప్పకూడదు."

"నా కడుపులో మాట దాగదని మీకు తెలుసు."

"మాట నోటిదాకా వచ్చినప్పుడల్లా నీళ్లు తాగండి," అన్నాడు. అతనికి తెలిసిన ఉపాయం అదొక్కటే.

లోపల డ్రిల్లు మాస్టారు కుర్చీలో నిటారుగా కూర్చుని, ఫారం ఇవ్వబోతున్న మనిషిని తల నుంచి కాలి దాకా చూశారు.

"లెక్కల మాస్టారివి నువ్వేనా?"

"అవునండీ."

"వ్యాయామం చేస్తావా?"

"నడుస్తానండీ."

"ఎక్కడి దాకా?"

"బస్టాపు దాకా."

ఆయన ఏదో గొణిగారు. "మా అమ్మాయి నీ గురించి..." అని మొదలుపెట్టబోయారు.

"ఇక్కడ మాట్లాడకూడదండీ. రూలు."

"ఎవరు పెట్టారు?"

"నేనేనండీ."

డ్రిల్లు మాస్టారు జీవితమంతా పిల్లల్ని వరసలో నిలబెట్టి నోరు మూయించిన మనిషి. ఆయన నోరు మూయించినవాడు ఇన్నాళ్లకి దొరికాడు. ఒకసారి అద్దం వైపు, మరోసారి ఇతని వైపు చూసి, కలం అందుకున్నారు.

ఆ రెండు వారాలు డాక్టరమ్మ ఇంట్లో మంచినీళ్లే మంచినీళ్లు. "నాన్న రోజూ మీ గురించి అడుగుతున్నారు. నేను గ్లాసు ఎత్తేస్తున్నాను," అని ఫోన్‌లో మొరపెట్టుకుంది. అతనికీ స్థిమితం లేదు. ఆయనకి నచ్చకపోతే ఏమవుతుందన్నది ఏ లెక్కకీ అందలేదు.

చివరి రోజు డ్రిల్లు మాస్టారు గడియారం కొట్టినట్టు వచ్చి కూర్చున్నారు. కంఠతా వచ్చిన ప్రశ్నని లెక్కల మాస్టారు కాగితం చూసి చదివాడు.

"గత రెండు వారాల్లో మీ పరిస్థితిలో చెప్పుకోదగ్గ మార్పేమైనా ఉందాండీ?"

ఆయన తొందరపడలేదు. అద్దం అవతల కూతురు గోళ్లు కొరుక్కుంటూ ఇటే చూస్తోంది. కాసేపు అటు చూసి, ఇటు తిరిగి, "లేదు," అన్నారు.

ఫారం నింపారు. మొదటిదాని పక్కన పెడితే దాదాపు ఎక్కడిదక్కడ సరిపోయింది. లెక్క పూర్తయింది. లెక్కల మాస్టారు అద్దం వైపు తల ఊపగానే డాక్టరమ్మ ఒక్క ఉదుటున లోపలికి వచ్చింది. ఇన్నాళ్లూ పట్టుకున్న మాట కదా, బయటికి రావడానికి దారి తోచక, "నాన్నా, ఈయన... నేను..." అని అక్కడే ఆగిపోయింది.

"తెలుసు," అన్నారు డ్రిల్లు మాస్టారు.

"ఎప్పట్నుంచి?" అంది.

"మొదటి రోజే. ఆ అద్దంలోంచి నువ్వు ఎవర్ని చూస్తున్నావో నాకు కనబడదా? నా ముక్కుని మాత్రం కాదు." ఆయన లెక్కల మాస్టారి వైపు తిరిగారు. "ఇది చిన్నప్పట్నుంచీ వాగుడుకాయ. ఎక్కడ మాట్లాడాలో ఎక్కడ ఆగాలో దీనికి చెప్పగలిగినవాడు రావాలని ఎదురుచూశాను. నువ్వు నన్నే ఆపేశావు. ఆ మొదటి ఫారం ముట్టుకోకముందే నువ్వు నాకు నచ్చావు బాబూ. ఇవాళ కూడా అంతే నచ్చావు. అందుకే మార్పేమీ లేదన్నాను."

లెక్కల మాస్టారు జేబురుమాలు తీసి గట్టిగా ముక్కు తుడుచుకున్నాడు. ఈసారి తప్పు ముక్కుది కాదు.

"ఒక షరతు," అన్నారు ఆయన లేస్తూ. "ముందు ఆ ఆపరేషన్ చేయించుకో. ఒక కుటుంబానికి గురక పెట్టేవాడు ఒకడు చాలు."

"అది గురక కాదు, గట్టి ఊపిరి అన్నావు కదా నాన్నా," అంది డాక్టరమ్మ.

ఆయన వినిపించుకోకుండా తలుపు దాకా వెళ్లి, ఆగి, ఆపరేషన్ పేర్లు రాసుకునే పుస్తకం ఎక్కడుందని సిస్టర్‌ని అడిగారు. కాబోయే అల్లుడి పేరు కింద తన పేరు కూడా రాయించుకుని ఇంటికి వెళ్లారు.